పక్కింటివాళ్ళ కథ ఎవరి సొమ్ము?

కథలు రాసే ఆవిడ ఇంటి పక్కన అద్దెకి దిగకూడదని మావారు హాస్యానికి అంటూంటారు. మనింట్లో పోపు మాడితే ఆ కమురు వాసన సాయంత్రానికల్లా పోతుంది గాని, అదే ఆవిడ కలంలోకి వెళ్ళిందంటే నెల తిరక్కుండా అచ్చయి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ముక్కు మూసుకుంటారట. ఆయన నవ్వుతూనే అంటారు. నేనూ నవ్వేస్తాను. కాని ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల ఎక్కడో చిన్న ముల్లు కదిలినట్లవుతుంది. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మిమ్మల్ని చాలా దూరం తీసుకు వెళ్ళాలి.

మా అమ్మాయి ఒమాహాలో వుంటోంది. అమెరికా పటం తీసి సరిగ్గా నడుమ వేలు పెడితే తగిలే నెబ్రాస్కా రాష్ట్రంలో పెద్ద ఊరది. క్రితంసారి వెళ్ళినప్పుడు, "ఈసారి ఏం చూస్తావమ్మా? నయాగరా వెళదామా?" అంది. "నన్ను రెడ్ క్లౌడ్ తీసుకు వెళ్ళు" అన్నాను. అల్లుడు ఫోనులో వెతికి, "అక్కడ ఏముందండీ అత్తయ్యగారూ! వెయ్యిమంది కూడా లేని ఊరు. కారులో మూడు గంటలు పైనే పడుతుంది" అన్నాడు పాపం. ఎప్పుడో కాలేజీ రోజుల్లో లైబ్రరీలో అట్ట ఊడిపోయిన 'మై ఆంటోనియా' నవల చేతికొచ్చింది నాకు. అందులోని ఊరు బ్లాక్ హాక్. అది పటంలో ఎక్కడా దొరకదు. అసలు ఊరి పేరు రెడ్ క్లౌడ్ అని ఆ తర్వాత తెలిసింది. యాభయ్యేళ్ళుగా మనసులో పెట్టుకున్న ఊరు చూడకుండా నయాగరా చూసి ఏం చేసుకోను?

దారిపొడుగునా మొక్కజొన్న చేలే. ఆకాశం ఎంత పెద్దదో అక్కడ చూడాలి. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరిచెట్ల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనిపించే ఆకాశం అక్కడ బోర్లించిన మూకుడులా నాలుగువైపులా నేలని ముడుతుంది. కాన్సాస్ సరిహద్దు ఇంకొద్ది మైళ్ళుందనగా, రిపబ్లికన్ అనే నది ఒడ్డున వుంది ఆ ఊరు. ఇటుకలు పరిచిన వెడల్పాటి వీధి, రెండువైపులా పాతకాలం మేడలు, నాలుగు దుకాణాలు. పదకొండు గంటల వేళ వీధిలో మేమూ, ఒక కుక్కా, అంతే. వెళ్ళి దిగగానే మనవరాలు "అమ్మమ్మా, ఇదేనా?" అంది. ఇదే.

ఈ ఊరికి పునాది వేసినవాడు సైలస్ గార్బర్ అని, అంతర్యుద్ధంలో పనిచేసి వచ్చిన కెప్టెన్. 1870 ప్రాంతంలో వచ్చి ఇక్కడ పాకా వేసుకున్నాడు, ఊరూ వేశాడు. తర్వాత ఆ రాష్ట్రానికి గవర్నరు కూడా అయ్యాడు. ఊరికి పెట్టిన పేరు మాత్రం లకోటా తెగకి చెందిన ఒక మహానాయకుడిది. ఎర్ర మేఘం అని అర్థం. ఆయన ఆ ఊళ్ళో ఏనాడూ కాపురం వుండలేదు. తెల్లవాళ్ళ సైన్యాన్ని ఎదిరించి 1868లో ఒడంబడికకి ఒప్పించిన ఆ మనిషి 1909లో పైన్ రిడ్జ్‌లో, ప్రభుత్వం గీసి ఇచ్చిన హద్దుల్లో, కన్నుమూశాడు. ఇక ఆ నదీతీరాన తరతరాలుగా తిరిగిన పానీ జాతివాళ్ళని 1870లలోనే దక్షిణాన ఓక్లహామా వైపు పంపించేశారు. నేల పోయింది, పేరు మిగిలింది. ఈ ఊళ్ళో ఎవరి కథ చెప్పినా దాని కింద ఇంకెవరిదో చెప్పని కథ వుందని అప్పుడే నాకు అనిపించింది.

1883లో వర్జీనియా నుంచి కేథర్ అనే కుటుంబం ఇక్కడికి వలస వచ్చింది. పెద్దపిల్ల విల్లాకి తొమ్మిదేళ్ళు. ఏడాదిన్నర పల్లెపట్టున పొలంలో వుండి, తర్వాత ఊళ్ళో అద్దె ఇంట్లో దిగారు. ఏడుగురు పిల్లలు, తల్లీ తండ్రీ, అమ్మమ్మ, పనిమనిషి... ఇల్లు చూస్తే మాత్రం మన రెండు గదుల పోర్షను కంటే కాస్త నయం. పిల్లలందరికీ కలిపి పైన అటక. అందులో విల్లాకి ఒక మూల గది. మందుల షాపులో పనిచేసి, జీతానికి బదులు గులాబీ పువ్వుల కాగితం తెచ్చుకుని తన గది గోడలకి తానే అంటించుకుందట. ఆ కాగితం నూటముప్ఫయ్యేళ్ళు దాటినా ఇంకా అక్కడే వుంది, వెలిసిపోయి, పెచ్చులూడి. ఆడపిల్ల అయివుండీ జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుని, విలియం కేథర్ అని సంతకాలు చేసుకుంటూ, డాక్టర్ల వెంట బండిలో పల్లెలు తిరుగుతూ, ఊళ్ళో ప్రతి ఇంటి గుట్టూ తెలుసుకుంటూ పెరిగింది. 1890లో ఆ ఊరి హైస్కూలు పూర్తి చేసింది. ఆ ఏడు చదువు ముగించినవాళ్ళు మొత్తం ముగ్గురు. తర్వాత లింకన్‌లో యూనివర్సిటీ, ఆ పైన పిట్స్‌బర్గ్, న్యూయార్కు. మళ్ళీ ఈ ఊళ్ళో కాపురం వుండలేదు. చుట్టపుచూపుగా వచ్చి పోయేది, అంతే. కాని రాసినదాంట్లో చాలావరకు ఇక్కడి మనుషుల గురించే.

ఒక్క ఊరికి ఎన్ని పేర్లు పెట్టిందో చూడండి. ఒక నవలలో హానోవర్, ఒకదాంట్లో మూన్‌స్టోన్, ఇంకోదాంట్లో బ్లాక్ హాక్, ఆ తర్వాత ఫ్రాంక్‌ఫోర్ట్, స్వీట్ వాటర్, హేవర్‌ఫోర్డ్. పేరు మారిస్తే సరిపోతుందని మేం రాసేవాళ్ళం అందరమూ అనుకుంటాం. ఊళ్ళోవాళ్ళు అంత అమాయకులా? సుబ్బమ్మని సీతమ్మ అని రాస్తే నడకని బట్టి గుర్తుపట్టరూ? అక్కడా అంతే. మిల్డ్రెడ్ బెన్నెట్ అనే ఒక పంతులమ్మ ఆ ప్రాంతానికి ఉద్యోగం మీద వచ్చి, ఊరి ముసలివాళ్ళందరినీ అడిగి, ఫలానా పాత్ర ఫలానావారు అని వెతికి 1951లో ఒక పుస్తకం వేసింది. 1955లో ఆవిడా, ఊరివాళ్ళు మరికొందరూ కలిసి ఒక స్మారక సంఘం పెట్టి ఆ ఇళ్ళన్నీ కొని కాపాడారు. అందుకే ఈనాడు ఆ ఊళ్ళో ఇల్లు చూపించే ఆవిడ, "ఇది హార్లింగుల ఇల్లు, అంటే అసలు మైనరు కుటుంబం వారిది" అంటూ కథలోని పేరు ముందూ, మనిషి పేరు వెనకా చెబుతుంది. అది విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. బతికిన మనుషులు తమ పాత్రలకి అసలు ప్రతుల్లా మిగిలిపోయారన్న మాట!

వాళ్ళలో ముఖ్యమైన మనిషి ఆంటోనియా. అసలు పేరు యానీ శాడిలెక్. బొహీమియా దేశం నుంచి 1880లో తల్లిదండ్రులతో వచ్చింది. పదకొండేళ్ళ పిల్ల. భాష రాదు, చలికి బట్టల్లేవు, నేలలో తవ్వుకున్న గుంతలాంటి ఇల్లు. తండ్రి సంగీతం తెలిసిన మనిషి, ఫిడేలు వాయించేవాడు. మొదటి చలికాలం దాటకుండానే తుపాకితో ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత యానీ పొలంలో మగవాళ్ళతో సమంగా పనిచేసింది, ఊళ్ళోకి వచ్చి మైనరుగారింట్లో పనికి కుదిరింది, విల్లాకి స్నేహితురాలయింది. రైల్వేలో పనిచేసేవాడొకడు పెళ్ళి చేసుకుంటానని తీసుకెళ్ళి నడిమధ్యలో వదిలేశాడు. కడుపుతో ఇంటికి తిరిగి వచ్చింది. ఇక ఆ పిల్ల బతుకు అయిపోయిందని ఊరు అనుకుంది. అయిపోలేదు. తన దేశం వాడే జాన్ పావెల్కా అని, మంచివాడు, ఆమెను చేసుకున్నాడు. పదిమందికి పైగా పిల్లలు. పొలం, పండ్లతోట, నేలమాళిగ నిండా ఊరగాయ జాడీల్లా వరస తీర్చిన పండ్ల సీసాలు.

ఇదంతా నవలలో వుంది. తండ్రి చావు వుంది, మోసపోవడం వుంది, బిడ్డ వుంది. నవల 1918లో వచ్చింది. అప్పటికి యానీ బతికే వుంది, ఆ పక్క ఊళ్ళోనే వుంది. ఆ మొదటిబిడ్డ కూడా పెద్దదై వుంది. ఒక్కసారి ఆ ఇల్లాలి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. పెళ్ళీడుకొచ్చిన పిల్లలున్నారు. ఎప్పుడో పాతికేళ్ళ కిందటి తప్పు, అదీ తనది కాదు, దేశమంతా చదువుతోంది. మన ఊళ్ళో అయితే నుయ్యో గొయ్యో చూసుకునేవాళ్ళం కాదూ?

యానీ ఏం చేసిందో తెలుసా? గర్వపడింది. తానే ఆంటోనియానని చెప్పుకుంది. ఆవిడ భర్త ఎవరైనా కొత్తవాళ్ళొస్తే "నేను ఆంటోనియా మొగుణ్ణి" అని పరిచయం చేసుకునేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955లో, ఇంక కొన్నాళ్ళకి పోతుందనగా, ఎవరో స్కూలు పిల్ల అడిగితే తండ్రి చావు సంగతి అంతా తన చేత్తో ఉత్తరం రాసింది. కుందేళ్ళ వేటకని చెప్పి వెళ్ళాడని. డెబ్బయ్యయిదేళ్ళ కిందటి ఆ రోజుని మళ్ళీ తనే చెప్పుకుంది, తన మాటల్లో. విల్లా కూడా ఆవిణ్ణి మరిచిపోలేదు. కరువు రోజుల్లో డబ్బు పంపింది, ఊరికి వచ్చినప్పుడల్లా వెళ్ళి ఆ వంటింట్లో కూర్చుంది. స్నేహం చివరిదాకా నిలిచింది.

సరే, కథ సుఖాంతం, ఇంకేం అంటారు మీరు. నాకూ అలాగే అనుకోవాలని వుంది. కాని ఒక సంగతి కలుక్కుమంటోంది. విల్లా నెబ్రాస్కాకి వచ్చీ రాగానే విన్న మొదటి కథల్లో యానీ తండ్రి చావు ఒకటి. పద్దెనిమిదేళ్ళ వయసులో, 1892లో, ఆమె అచ్చువేసిన మొట్టమొదటి కథ అదే. అప్పుడు యానీకి ఇరవైమూడేళ్ళు. ఎవరైనా ఆ పిల్లని అడిగారా? అడిగినట్లు ఎక్కడా చదవలేదు నేను. ఆ తర్వాత పాతికేళ్ళకి యానీ గర్వపడింది కనుక, ముందు అడక్కపోవడం ఒప్పయిపోతుందా? అప్పు ఇచ్చినవాడు వడ్డీ అడగలేదని, చెప్పకుండా తీసుకున్న డబ్బు అప్పయిపోతుందా?

అందరూ యానీలు కారు. విల్లాకి ఒక పెద్దమ్మ వుండేది, తండ్రి అన్నగారి భార్య, ఫ్రాన్సిస్. ఈస్టులో మంచి కాలేజీలో చదువుకున్న మనిషి, 1873లోనే భర్త వెంట ఈ బీళ్ళలోకి వచ్చి సేద్యం చేసింది. 1904లో విల్లా ఒక కథ రాసింది. సంగీతం పాఠాలు చెప్పుకునే ఒకావిడ పెళ్ళి చేసుకుని నెబ్రాస్కా పొలాల్లో ముప్ఫయ్యేళ్ళు మగ్గిపోయి, బోస్టన్ వస్తుంది. మేనల్లుడు కచేరీకి తీసుకెళతాడు. వాగ్నర్ సంగీతం విని ఆవిడ తల్లడిల్లిపోతుంది. గొప్ప కథ. నేను ఎప్పుడు చదివినా ఏడుస్తాను. కాని అందులో ఆ పెద్దావిడ పసుపుపచ్చబడ్డ చర్మం, సరిపడని కట్టుడు పళ్ళు, వంగిన నడుము, అన్నీ పూసగుచ్చినట్లు రాసింది. ఇంటివాళ్ళు నొచ్చుకున్నారు. లింకన్ పత్రికలో విల్లాకి తొలిరోజుల్లో పని ఇచ్చిన సంపాదకుడే బహిరంగంగా తప్పుపట్టాడు. విల్లాకి ఆశ్చర్యం వేసింది, బాధ వేసింది. నేను ప్రేమతో రాశానే అనుకుంది. నిజమే, ప్రేమతోనే రాసింది. ప్రేమతో రాశాం కాబట్టి తగలదని అనుకోవడం మనకి మామూలే. మన పెద్దవాళ్ళు ప్రేమతోనే కదా మన పెళ్ళిచూపుల్లో "మా పిల్ల కాస్త చామనఛాయ, కాని పనిమంతురాలు" అని అన్నది!

తర్వాత ముద్రణల్లో విల్లా ఆ పళ్ళూ, ఆ చర్మమూ ఒక్కొక్కటిగా తీసేసింది. ఆ తీసేయడం నాకు ఆ కథ కంటే ఎక్కువ నచ్చింది.

ఇంకా చిత్రం వినండి. ఆ పెద్దమ్మ కొడుకు, విల్లా కంటే చిన్నవాడు, మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో 1918 మే నెలలో పోయాడు. ఆ ఎండాకాలం విల్లా ఊరికి వచ్చింది. కొడుకు యుద్ధరంగం నుంచి రాసిన ఉత్తరాల కట్ట ఆ తల్లి ఎవరి చేతిలో పెట్టి చదవమందో తెలుసా? ఈ విల్లా చేతిలోనే. కట్టుడు పళ్ళ గురించి రాసిన చేతిలోనే. ఆ ఉత్తరాల్లోంచి పుట్టిన నవలకి 1923లో పులిట్జర్ బహుమతి వచ్చింది. నొప్పి తెలిసీ ఆవిడ ఎందుకిచ్చింది? కొడుకు పేరు నిలవాలనా? లేక ఇల్లాంటి దుఃఖాన్ని పట్టుకోగలిగిన చెయ్యి ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదనా? తిరుగుదారిలో కారులో కూర్చుని ఈ ఒక్క సంగతే చాలాసేపు ఆలోచించాను.

గార్బర్ భార్య లైరా సంగతి వేరు. గవర్నరుగారి రెండో భార్య, ఆయనకంటే చాలా చిన్నది, అందగత్తె, ఊరి చివర కొండ మీద ఇంట్లో దర్జాగా బతికింది. 1893లో దేశమంతా బ్యాంకులు కుప్పకూలినప్పుడు ఆయన బ్యాంకూ మూతపడింది. ఆయన 1905లో పోయాక ఆవిడ ఊరు విడిచి వెళ్ళి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. 1921లో ఆవిడ పోయిందన్న కబురు విన్నప్పుడే విల్లాకి 'ఎ లాస్ట్ లేడీ' నవల తట్టింది. అందులో ఆ ఇల్లాలికి ప్రియులున్నారు. అసలావిడకి వున్నారో లేదో ఆ దేవుడికి తెలియాలి. నవల చదివినవాళ్ళకి మాత్రం ఆ తేడా తెలియదు, అక్కర్లేదు. పోయిన మనిషి నిజాన్నే కాదు, రచయిత్రి కల్పించినదాన్ని కూడా మోయాలి. కాదనడానికి నోరు లేదు. ఆవిడ పోయేదాకా రాయలేదుగా అని కొందరు మెచ్చుకుంటారు. నాకేమో బతికివుండగా రాసి వుంటే కనీసం గడపలోకి వచ్చి నాలుగు తిట్టడానికైనా వీలుండేదే అనిపిస్తుంది. ఇప్పుడా బ్యాంకు భవనం విల్లా జ్ఞాపకాల కిందే భద్రంగా వుంది. కొన్నాళ్ళు మ్యూజియంగా కూడా వాడారు. డిపాజిట్లు దాచలేకపోయిన బ్యాంకులో రహస్యాలు దాచారు!

కేథర్ల ఇంట్లో నన్ను నిలబెట్టేసింది విల్లా అటక గది కాదు. కింద, ముందు గదులకీ వంటింటికీ మధ్య నడవా లాంటి చోటు. రాకపోకలన్నీ అందులోంచే. అక్కడ ఒక పడక. అది అమ్మమ్మ రేచెల్ బోక్‌ది. విల్లా పుట్టింది వర్జీనియాలో ఆ అమ్మమ్మ ఇంట్లోనే. సొంత ఇంట్లో కూతురికి పురుడు పోసిన మనిషి, చివరికి కూతురింట్లో నడవాలో పడుకుంది, పొద్దున్నే అందరికంటే ముందు లేచి పొయ్యి వెలిగించింది, 1893లో పోయింది. విల్లా అప్పుడు కాలేజీ చదువులో మునిగివుంది. ఆ అమ్మమ్మ కథని ఆమె దాదాపు నలభయ్యేళ్ళు రాయలేదు. తల్లి 1931లో పోయింది. 1932లో 'ఓల్డ్ మిసెస్ హారిస్' అనే కథగా వచ్చింది. పెద్దావిడ ఇంట్లోనే ప్రాణం పోతున్నా కూతురికీ మనవరాలికీ ఎవరి హడావుడి వాళ్ళది. ఎవరికీ పట్టదు. పట్టించుకోని ఆ మనవరాలు ఎవరో చెప్పక్కర్లేదు. అన్ని కథల్లోనూ ఊరివాళ్ళ గుట్టు బయటపెట్టినావిడ ఈ ఒక్క కథలో తన గుట్టు బయటపెట్టుకుంది. మా అమ్మాయి ఆ పడక ముందు నిలబడి, "మన ఊళ్ళో నాయనమ్మ మంచం కూడా ఇలాగే దారిలో వుండేది కదమ్మా" అంది. నేను వినపడనట్లు ముందుకు నడిచాను.

ఇంతమందిని రాసిన మనిషి తన విషయంలో ఏం చేసిందో చెప్పాలి. తన ఉత్తరాలు ఒక్కటి కూడా అచ్చు వెయ్యకూడదని, ఒక్క వాక్యం ఎత్తి రాయకూడదని వీలునామా రాసింది. దొరికినవి కొన్ని తగలబెట్టింది. 1947లో పోయింది. తల్లిదండ్రుల సమాధులున్న ఊరు వదిలి, దూరాన న్యూ హాంప్‌షైర్‌లో ఒక కొండ ఊళ్ళో తనని పూడ్చమంది. నా బతుకు జోలికి రావద్దన్నట్లే కదా! ఆ మాట అరవై ఆరేళ్ళు నిలబడింది. వీలునామా చూసుకునే చివరి బంధువు కూడా పోయాక, 2013లో అయిదువందల పైచిలుకు ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. నేను కొన్నాను. చదివాను. వద్దన్న మనిషి ఉత్తరాలు చదువుతున్నానని తెలిసే చదివాను, పైగా పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ. ఆమె మీద తీర్పు చెప్పడానికి నాకేం అర్హత వుంది? 2023లో వాషింగ్టన్‌లో వాళ్ళ పార్లమెంటు భవనంలో నెబ్రాస్కా తరఫున ఆమె కంచు విగ్రహం పెట్టారు. ఎండలోకి రావద్దని తలుపు వేసుకున్న మనిషిని తీసుకెళ్ళి నట్టనడి హాల్లో నిలబెట్టారు.

ఇక నా ముల్లు సంగతి.

మా మేనత్త భర్త పెళ్ళయిన రెండేళ్ళకి కలకత్తాలో ఉద్యోగమని వెళ్ళి తిరిగి రాలేదు. ఉత్తరం లేదు, మనియార్డరు లేదు. ఆవిడ పుట్టింట్లో, కోనసీమలో మా ఊళ్ళో, అన్నగారి పంచన వుండిపోయింది. ఒక గేదె, దాని పాల డబ్బులు, అంతే ఆవిడ ఆస్తి. కాని ప్రతి సంక్రాంతికీ ఆవిడ కొత్తచీర కట్టుకునేది. "మీ మావయ్య పంపించారే" అనేది. వీధిలో అందరూ చీర అంచు పట్టుకుని చూసి "బాగుందమ్మా, మంచి నాణ్యమైన రంగు" అనేవారు. నాకు తొమ్మిదో పదో ఏట, పశువుల పాక వెనకాల ఆవిడ బట్టల మూటవాడికి చిల్లర లెక్కపెట్టి ఇవ్వడం చూశాను. ఎవరికీ చెప్పలేదు. పెద్దయ్యాక తెలిసింది, చెప్పడానికి ఏమీ లేదని. వీధి అందరికీ తెలుసు. తెలిసే అంచు పట్టుకుని చూసేవారు.

1978లో నేనది కథ రాశాను. పేరు మార్చాను, కలకత్తాని బొంబాయి చేశాను, గేదెని ఆవు చేశాను. ఒక వారపత్రిక పోటీలో రెండో బహుమతి వచ్చింది. కన్నీళ్ళు ఆగలేదని ఎంతోమంది పాఠకులు ఉత్తరాలు రాశారు. బహుమతి డబ్బుతో ఒక చీర కొని, సంక్రాంతికి ఊరెళ్ళి అత్తయ్యకి పెట్టాను. అప్పటికే ఎవరో అరుగు మీద కూర్చుని కథ అంతా ఆవిడకి చదివి వినిపించారట.

అత్తయ్య చీర కళ్ళకద్దుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. పొయ్యి దగ్గర కూర్చుని అరిసెలు వత్తుతూ, "రంగు తప్పు రాశావే. ఆ ఏడు చీర వంగపండు రంగు కాదు, ముదురు నీలం" అంది. అంతే.

ఆ పండక్కి ఆవిడ తనంతట తాను చీర కొనుక్కోలేదు. ఆ తర్వాతా కొనుక్కోలేదు. నేను పెట్టిన చీర కట్టుకుని వీధిలోకి వెళ్ళినప్పుడు, ఎవరు పెట్టారమ్మా అని ఒక్కరూ అడగలేదు. అంచు పట్టుకుని చూడలేదు. చూపులు పక్కకి తిప్పుకున్నారు. తెలిసిన సంగతి తెలియనట్లు వుండటానికి ఊరంతా కలిసి ఎన్నో ఏళ్ళు నేసిన చీరని నేను ఒక్కసారి లాగి చూపించాను. అబద్ధాన్ని అబద్ధమని చెప్పడంలో తప్పేముందని ఆ వయసులో నన్నెవరైనా అడిగితే గట్టిగానే వాదించేదాన్ని. బహుశా గెలిచేదాన్ని కూడా.

అత్తయ్య పోయాక ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాం. అడుగున, పాత చీరల మడతల మధ్య, కలరా ఉండల పక్కన, ఆ పత్రిక పేజీలు నాలుగుగా మడిచి వున్నాయి. ఆవిడ దాన్ని దాచుకుందో, దాచేసిందో ఈనాటికీ నాకు అర్థం కాలేదు. యానీలా గర్వపడిందని అనుకోవాలని వుంటుంది ఒక్కోసారి. మరోసారి ఆ కాగితం ఇంకెవరి చేతా పడకూడదని అడుగున తొక్కిపెట్టిందనిపిస్తుంది.

రెడ్ క్లౌడ్ నుంచి తిరిగి వస్తుంటే చీకటి పడింది. మనవరాలు ఒళ్ళో నిద్రపోయింది. మా అమ్మాయి కారు నడుపుతూ, "అమ్మా, నీకు బహుమతి వచ్చిన ఆ కథ నీ పుస్తకాల్లో ఎక్కడా లేదేం?" అంది. ఇంటికి వెళ్ళాక చూపిస్తానన్నాను.

ఇంకా చూపించలేదు.